దిద్దుకోని క్రిమి

బుల్లి అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసే ఆవిడకి నలభై దాటాయి. పరిశోధనశాలలో ఆవిడ చేతికింద నలుగురు పనిచేస్తారు. గది తలుపు మీద ఆవిడ అసలు పేరు, దానికి ముందు డాక్టరు అన్న మాట ఉంటాయి. ఎన్ని ఉన్నా అక్కకీ బావకీ బుల్లే. అక్క పెళ్ళయ్యేనాటికి ఆమె రెండు జడలేసుకుని బడికి పోయే పిల్ల. అమ్మానాన్నా అప్పటికే లేరు. అక్క చెయ్యి పట్టుకుని ఆమె కూడా బావ ఇంటికి నడిచింది. "ఒకటి తీసుకుంటే ఇంకోటి ఉచితం అన్నారు. వద్దంటే బాగోదని తెచ్చుకున్నా" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు బావ. వాళ్ళకి పిల్లలు కలగలేదు. బుల్లి పరీక్షలు రాస్తుంటే గేటు బయట ఎండలో నిలబడ్డది బావే. జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ మార్చింది బావే. ఆమె పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుంది. ఉద్యోగం వచ్చాక కూడా వాళ్ళ మేడమీది గదిలోనే ఉండిపోయింది.

బావది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక చిన్న కారు, దాని నెత్తిన ఒక బోర్డు, మార్కెట్ వీధి చివర ఒక ఇరుకు గది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆయన పక్కసీట్లో కూర్చునేవాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉండేవి. ఎదురుగా లారీ వస్తున్నా కేకలు వేసే మనిషి కాదు. "అమ్మా, లారీవాడికి మనమీద కోపం లేదు, మనకీ వాడిమీద లేదు, కాస్త పక్కకి జరుగుదామా" అంటూనే కాలితో బ్రేకు నొక్కేవాడు. ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

ఆ మనిషికి అన్నీ బాగానే ఉన్నాయి, ఊపిరితిత్తులు తప్ప. చిన్నప్పుడెప్పుడో న్యుమోనియా వచ్చి, సరిగా తగ్గక, ఎడమవైపు కిందిభాగం పాడైపోయింది. అక్కడ గాలి గొట్టాలు పాత మేజోడు రబ్బరులా సాగిపోయాయి. కఫం చేరితే కదలదు. కఫం నిలిచినచోట క్రిములు కాపురం పెడతాయి. అందుకని రోజూ పొద్దున్నే ఆయన నడుము కింద దిండ్లు పెట్టుకుని, తల కిందికి వాల్చి బోర్లా పడుకునేవాడు. అక్క అరచేతిని దొప్పలా ముడిచి వీపుమీద తట్టేది. అదంతా దగ్గి ఉమ్మేశాకే ఆయనకి రోజు మొదలు. "మా ఇంటికి గడియారం అక్కర్లేదు, ఈయన దగ్గు చాలు" అనేది అక్క. ఏడాదికి రెండు మూడుసార్లు జ్వరం, ఒక గులాబీరంగు మాత్ర, పదిరోజులు, మళ్ళీ మామూలే. ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

బుల్లికి ఉద్యోగమొచ్చిన కొత్తలో, ఒక ఆదివారం భోజనాలయ్యాక బావ ఆమెని నిలదీశాడు.

"పొద్దున పోతావు, సాయంత్రం వస్తావు. మీ మరదలు ఏం చేస్తుందండీ అని అడిగితే నేను తెల్లమొహం వేస్తున్నా. ఇవాళ చెప్పకపోతే లేవనిచ్చేది లేదు."

"క్రిములు తమని తాము ఎలా దిద్దుకుంటాయో చూస్తాం బావా."

"క్రిములకి దిద్దుబాటెందుకే? అవేమైనా పరీక్ష రాస్తున్నాయా?"

"రాస్తున్నాయి. ఒక క్రిమి రెండు కావాలంటే లోపలున్న డీఎన్ఏ అంతా మళ్ళీ రాసుకోవాలి. లక్షల అక్షరాలు, గంటసేపట్లో అయిపోవాలి. అంత తొందరలో రాస్తే తప్పులు పడవూ?"

"పడి తీరతాయి."

"రాసే ప్రొటీనే చాలావరకు అక్కడికక్కడ చూసుకుని దిద్దేస్తుంది. అయినా ఒకటీ అరా మిగులుతాయి. వాటికోసం ఇంకో ప్రొటీన్ ఉంది. అది కొత్తగా రాసిన పోగుని తడుముకుంటూ పోతుంది. రెండు అక్షరాలకి జత కుదరనిచోట పోగు ఎగుడుదిగుడుగా తగులుతుంది. అక్కడ ఆగి పట్టుకుంటుంది. దాని జోడీ వచ్చి ఆ ముక్కని కత్తిరిస్తుంది. ఖాళీ అయినచోట క్రిమి మళ్ళీ రాసుకుంటుంది. నేను చూసేది ఆ తడిమే ప్రొటీన్ని."

బావ పళ్ళపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఆలోచించాడు. "అంటే నా పక్కసీటు బ్రేకన్నమాట."

"అలా అనుకో."

"ఆ బ్రేకు ఊడిపోతే?"

"తప్పులు వందరెట్లు పెరుగుతాయి. వాటిల్లో చాలావరకు దానికే చేటు. నీరసపడుతుంది, చస్తుంది. అందుకే ఏ క్రిమీ ఆ ప్రొటీన్ని చేతులారా వదులుకోదు. కానీ ఎప్పుడో, ఏ కోటికో ఒక తప్పు కలిసొస్తుంది. మందుకి లొంగనివ్వని తప్పు."

"గుడ్డివాడు రాయి విసిరితే కాయ రాలినట్టు."

"అదే. వందరెట్లు రాళ్ళు విసిరితే రాలక ఏమవుతుంది?"

"విన్నావుటే, మన బుల్లి క్రిములకి డ్రైవింగ్ నేర్పుతోందట!" అని బావ వంటింట్లోకి కేకేశాడు. ఆ తర్వాత ఎవరడిగినా ఆ ముక్కే చెప్పేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు, బుల్లి ఉడుక్కునేది.

ఏళ్ళు గడిచాయి. ఒక చలికాలం మొదట్లో బావకి మామూలుగా వచ్చే జ్వరమే వచ్చింది. గులాబీరంగు మాత్ర వేసుకున్నాడు, తగ్గింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఊపిరితిత్తుల డాక్టరమ్మ మాత్ర మార్చింది. దానికీ లొంగినట్టే లొంగి మళ్ళీ తిరగబెట్టింది. దగ్గు మారిపోయింది. ఇదివరకు దగ్గితే బరువు దిగినట్టుండేది. ఇప్పుడు ఎంత దగ్గినా లోపల ఇంకా ఏదో ఉన్నట్టే ఉంటోంది. పాఠం మధ్యలో దగ్గుతెర వస్తే ఆగేది కాదు. ఒకమ్మాయి బండి పక్కకి ఆపేసి, "ఏమనుకోకండి మాస్టారూ, మా ఇంట్లో పసిపిల్ల ఉంది" అని దిగి వెళ్ళిపోయింది. అది అంటుకునేది కాదని చెప్పడానికి ఆయనకి ఊపిరి చాలలేదు. ఆ వారంలోనే ఇంకొందరు రావడం మానేశారు. బావ కారు ఇంటిముందు పెట్టి, "దానికీ కాస్త విశ్రాంతి కావాలిలే" అన్నాడు.

కఫం పరీక్షకి ఇచ్చారు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ ఒకప్పుడు బుల్లి దగ్గరే శిక్షణకి వచ్చి వెళ్ళిన అమ్మాయి. ఆమె ఫోన్ చేసింది.

"మేడమ్, మీ బావగారి ప్లేటు ఒకసారి వచ్చి చూస్తారా? రిపోర్టు ఏమని రాయాలో తెలీడంలేదు."

"ఏం, ఏమీ పెరగలేదా?"

"పెరిగింది మేడమ్. కానీ... మీరే చూడండి."

బుల్లి వెళ్ళింది. అరచేతంత గుండ్రటి ప్లేటు. అందులో జెల్లీలాంటి పొరమీద క్రిముల్ని పరిచి, మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ళచుట్టూ క్రిమి పెరగదు, శుభ్రమైన వలయం ఏర్పడుతుంది. ఇక్కడ వలయాలు ఉన్నాయి. కానీ ఖాళీగా ఉండాల్సిన ఆ వలయాల్లో ఆవగింజల్లాంటి చుక్కలు ఉన్నాయి. ఒక్క బిళ్ళ దగ్గరే అయితే ఏదో అనుకోవచ్చు. ప్రతి బిళ్ళ దగ్గరా ఉన్నాయి. మూత తీస్తే మాగిన ద్రాక్షపళ్ళ తీపి వాసన గుప్పుమంది. ఆ క్రిమి వాసనే అంత.

"వేరే ఏదైనా కలిసిందేమోనని మళ్ళీ వేసి చూశాను. మళ్ళీ ఇలాగే వచ్చింది" అంది టెక్నీషియన్.

బుల్లి ప్లేటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తెలియని సంగతైతే అడగడానికైనా ఏదో ఉండేది. ఆ చుక్కలు ఆమెకి ఇంట్లో మనుషులంత పరిచయం. దిద్దే ప్రొటీన్ జన్యువుని తీసేసి తన చేత్తో ఎన్నిసార్లు ఇలాంటి క్రిముల్ని తయారుచేసిందో లెక్కలేదు. అవి ప్లేటుమీద సరిగ్గా ఇలాగే పెరుగుతాయి. ఇక్కడ మాత్రం ఎవరూ ఏదీ తియ్యలేదు. బావ రొమ్ములో, దానంతటది పోయింది.

"మందులు పనిచేస్తున్నాయని రాయనా మేడమ్, చెయ్యడం లేదని రాయనా?"

"ఇవాళ పనిచేస్తున్నాయి. రేపు చెయ్యవు. అది రాయడానికి మీ రిపోర్టులో గడి లేదమ్మా."

డాక్టరమ్మని అడిగి ఆ క్రిమిని తన పరిశోధనశాలకి తీసుకెళ్ళింది. మనసులో ఎక్కడో చిన్న ఆశ, తను పొరబడిందేమోనని. మందు కలిపిన ప్లేటుమీద మామూలు క్రిమిని పరిస్తే వేళ్ళమీద లెక్కపెట్టేన్ని చుక్కలు వచ్చాయి. బావ క్రిమిని పరిస్తే ప్లేటంతా ఇసక చల్లినట్టు వచ్చింది. జన్యువు చదివించింది. తడిమే ప్రొటీన్ తాలూకు రాతలో, మధ్యలో కొన్ని అక్షరాలు రాలిపోయి ఉన్నాయి. అంతే, ప్రొటీన్ లేదు. తెర ముందు కూర్చుని ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయింది. ఎలా జరిగిందో ఆమెకి అర్థమవుతూనే ఉంది. ఆ కోట్ల క్రిముల్లో బ్రేకు ఊడినవి ఎప్పుడూ నాలుగు ఉంటూనే ఉంటాయి. మామూలు రోజుల్లో అవి వెనకబడి పోతాయి. గులాబీరంగు మాత్ర వేసుకున్నప్పుడల్లా మామూలువి చచ్చాయి. మాత్రకి లొంగనివ్వని తప్పు దొరకబుచ్చుకుని బతికింది మాత్రం ఆ బ్రేకు లేనివే. మళ్ళీ జ్వరం, మళ్ళీ మాత్ర. ముప్ఫై ఏళ్ళు ఆయన్ని కాపాడిన మందే దాన్ని ఏరి, పెంచి పెద్దచేసింది. అలాగని ఆ మాత్ర వేసుకోకపోతే ఆయన ముప్ఫై ఏళ్ళు ఉండేవాడా? ఎవర్ని అనాలో తెలియలేదు.

డాక్టరమ్మ అంతా ఓపికగా వింది. గడుసు మనిషి, మాటలు తక్కువ.

"ఒక్క మందు ఇస్తే తప్పించుకుంటుంది. రెండు మందులు ఒకేసారి, సూదిద్వారా ఇద్దాం. రెండింటినీ ఒకేసారి తప్పించుకోవాలంటే ఒకే క్రిమికి రెండు తప్పులు కలిసిరావాలి. కష్టం కదా?"

"మామూలు క్రిమికైతే అసాధ్యం" అంది బుల్లి.

"దీనికి?"

"కష్టం."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా చీటీ రాసింది.

బావని ఆసుపత్రిలో చేర్చారు. మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం. కింద కార్లు నిలిపే స్థలం కనబడుతుంది. రెండు చేతులకీ సూదులు పెట్టించుకుని, దిండుకి ఆనుకుని, వచ్చేపోయే కార్లమీద తీర్పులు చెబుతూ కూర్చునేవాడు. "చూడు చూడు, ఆ నీలంబండివాడు. అంత చోటుంటే ఇరికించి పెడుతున్నాడు. వాడికి నేర్పినవాడెవడో గానీ సున్నా మార్కులు." నర్సు నవ్వితే, "నువ్వు నేర్చుకుంటావా తల్లీ? ఆసుపత్రివాళ్ళకి సగం ధరే" అనేవాడు. జ్వరం దిగింది. ఆకలి పుట్టింది. అక్క మొహంలో నెత్తురు తిరిగింది. వార్డులో పక్కమంచం వాళ్ళకి, "మా చెల్లి ఈ పురుగులమీదే చదివింది. ఇట్టే కనిపెట్టేసింది" అని చెప్పుకుంది. బుల్లి ఆ మాటలకి తల వంచుకుని ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది.

ఇంటికొచ్చాక బావ కారు తుడిచాడు. బోర్డు సరిచేశాడు. మానేసిన వాళ్ళలో ఒకాయన తిరిగి వచ్చాడు. ఆ నెలంతా ఇంట్లో నవ్వు వినబడింది. బుల్లికి మాత్రం పొద్దున్నే ఆయన దగ్గు మొదలవగానే మెలకువ వచ్చేది. కళ్ళు మూసుకుని వినేది. బరువు దిగుతోందా లేదా? ఒకరోజు మేడ మెట్లు దిగుతూ మధ్యలోనే ఆగిపోయింది. దగ్గు మళ్ళీ మారింది.

ఈసారి టెక్నీషియన్ ఫోన్ చెయ్యలేదు, తనే ప్లేటు పట్టుకుని వచ్చింది. ఆ రెండు మందుల బిళ్ళలచుట్టూ వలయాలు లేవు. అంచుదాకా ఒకటే పొర.

మిగిలిన మందుల్ని డాక్టరమ్మ ఒకదాని తర్వాత ఒకటి వాడింది. పీల్చేది ఒకటి, కండలో పొడిచేది ఒకటి. ప్రతిదీ కొన్నాళ్ళు పనిచేసింది. మొదటిది నెల, తర్వాతది ఇంకాస్త తక్కువ. బుల్లి తన పనంతా పక్కన పెట్టేసింది. బావ క్రిమిని మందేమీ లేని ద్రవంలో రోజుకో కొత్త సీసాలోకి మారుస్తూ పోయింది. దాని తప్పులు దాన్నే తినాలి కదా. తిన్నాయి కూడా. వారాలు గడిచేకొద్దీ క్రిమి నెమ్మదించింది, నీరసించింది. కొన్ని సీసాల్లో పెరగడమే మానేసింది. ఆమె పరుగున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మందులు ఆపితే అది బలహీనపడుతుందండీ. నేను చూశాను."

"ఎన్నాళ్ళకి?"

"సీసాలో అయితే కొన్ని వారాలు. ఊపిరితిత్తుల్లో... చెప్పలేను. ఏళ్ళు పట్టచ్చు."

"నిన్న ఒక్కరోజు మందు ఆలస్యమైతే ఆయనకి ఆక్సిజన్ ఎంత పడిపోయిందో మీకు తెలుసుగా."

తెలుసు. ఆక్సిజన్ గొట్టాన్ని ముక్కుకి పెట్టింది తనే.

"ఆయన దగ్గర అంత వ్యవధి లేదమ్మా" అంది డాక్టరమ్మ. ఎప్పుడూ మీరు అనే మనిషి నోట అమ్మా అన్న మాట రావడంతోనే బుల్లి తను తెచ్చిన లెక్కల కాగితాలు మడిచేసింది.

ఆ సాయంత్రం అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. తరిగే మనిషి కత్తి ఆపింది.

"బుల్లీ, ఆ దిద్దే ప్రొటీన్ మీ దగ్గర సీసాలో ఉందన్నావు ఒకసారి."

"ఉందక్కా. ఫ్రీజర్లో."

"శుభ్రంచేసి పెట్టారన్నావు."

"ఆఁ."

"మరి తెచ్చి ఆయనకి ఎక్కించకూడదా?" అక్క గొంతు తగ్గించింది, ఎవరైనా వింటే అడ్డుపడతారన్నట్టు. "దానికి లేనిదేదో అదే కదా. లేనిది ఇచ్చేస్తే బుద్ధిగా ఉంటుంది కదా. డాక్టరమ్మకి చెప్పొద్దు. నేను చెప్పను."

బుల్లి స్టూలు లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు తన లెక్కలు తప్పైతే అక్క ఎంత నెమ్మదిగా చెప్పేదో, అంత నెమ్మదిగా చెప్పడానికి చూసింది.

"అది క్రిమి లోపల తయారవ్వాలక్కా. బయటినుంచి పోస్తే దాని గోడ దాటదు. పోనీ దాటిందనుకో. ఇకమీద తప్పు పడకుండా చూస్తుంది, అంతే. ఇప్పటికే పడిన తప్పుల్ని తియ్యలేదు. అది మందుల్ని తప్పించుకోవడం నేర్చేసుకుంది. ఇప్పుడు బుద్ధిగా ఉన్నా, నేర్చుకున్నది మర్చిపోదు."

అక్క తరిగిన ముక్కల్ని వేళ్ళతో ఒకచోటికి చేర్చింది. తర్వాత అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి ఇన్నేళ్ళూ నువ్వు చదివింది దేనికే?"

చెప్పడానికి జవాబులు ఉన్నాయి. రేపెవరికో పనికొస్తుందనీ, ఒక సంగతి తెలుసుకోవడమే ఒక మేలనీ, పరిశోధనశాలకి వచ్చే అతిథులకి ఆమె చెప్పే మాటలే. అవి అక్కకి చెప్పే మాటలు కావు. అక్క మళ్ళీ కత్తి అందుకుంది. తరిగినవన్నీ గిన్నెలో వేసి, పొయ్యి వెలిగించకుండానే దానిముందు నిలబడి ఉంది.

ఓపిక ఉన్నన్నాళ్ళూ జోకులు వేసిన బావ, ఓపిక పోయాక మామూలు మనిషిలాగే విసుక్కున్నాడు. అన్నం బాగోలేదని అక్కమీద, తలుపు చప్పుడు చేసిందని బుల్లిమీద. చూడ్డానికి వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వద్దన్నాడు. వాళ్ళు జాలిగా చూస్తారని కాదు, మాట్లాడితే ఆయాసం వస్తుంది, మాట్లాడకుండా ఉండటం ఆయనకి చేతకాదు. కారు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. మర్నాడు వద్దన్నాడు.

ఆయన్ని మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాక ఒక మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే బుల్లి మంచం పక్కన కూర్చుని, డాక్టరమ్మ చెప్పిన ఇంకో మందుల జత గురించి మొదలుపెట్టింది. బావ చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకు చెప్పకే బుల్లీ."

"అది కాదు బావా, ఇవి రెండూ కలిస్తే..."

"చెప్పకన్నానా. నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోంది. అదే బాధ." ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "పక్కమంచం ఆయనకి ఏ రోగమో ఆయనకే తెలీదు. హాయిగా పడుకుంటాడు. నేను కళ్ళు మూస్తే అవి లోపల రాసుకుంటూ ఉంటాయి, తప్పుల తడకగా. నువ్వు ఎందుకు చెప్పావే నాకు ఆ రోజు?"

"నువ్వే అడిగావు బావా."

"అడిగితే చెప్పెయ్యడమేనా?"

అది కోపమో, వేళాకోళమో, రెండూనో ఆమెకి తెలియలేదు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి చెయ్యి వెనక్కి చాచి తడిమాడు. బుల్లి తన చెయ్యి అందించింది. ఆయన చెయ్యి ఎండుకట్టెలా తేలిగ్గా ఉంది. వదల్లేదు. అక్క లేచేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఆఖరి మందు క్రిమిని కొంత లొంగదీసింది, మూత్రపిండాల్ని పూర్తిగా లొంగదీసింది. దాన్ని ఆపక తప్పలేదు. ఆపిన మూడోరోజుకి బావ మాట్లాడటం మానేశాడు. ముక్కుకి, నోటికి కలిపి పెట్టిన మాస్కులోంచి గాలి బుసకొడుతూ వెళ్ళేది. బుల్లి తల దగ్గర నిలబడి, మంచం పక్క మానిటరుమీద మారే అంకెల్ని చూస్తూ ఉండేది. ఆ అంకెలన్నిటి అర్థం ఆమెకి తెలుసు. వాటిల్లో ఒక్కదాన్నీ పైకి జరపడం ఆమెవల్ల కాలేదు. అక్క మాత్రం మంచం అంచున కూర్చుని, అరచెయ్యి దొప్పలా ముడిచి, ఆయన వీపుమీద తడుతూనే ఉంది. నర్సు ఒకసారి, "ఇప్పుడు అవసరం లేదండీ" అంది. అక్క వినిపించుకోలేదు. ఎండ కిటికీ దాటి మంచంమీదకి వచ్చిన వేళకి ఆయన ఊపిరి ఆగింది. అక్క చెయ్యి ఇంకాసేపు తట్టింది.

తర్వాత చెయ్యవలసినవన్నీ ఎవరెవరో చేశారు. ఆయన దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది వచ్చారంటే, వాళ్ళ కార్లకి వీధి చాలలేదు. పసిపిల్ల ఉందని దిగిపోయిన అమ్మాయి కూడా వచ్చింది. అక్క కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అక్క ఆమెని లేవదీసి, "నీ తప్పేముందమ్మా" అంది.

ఎండలు ముదిరాక ఒకరోజు అక్క, కాఫీ గ్లాసు బుల్లి చేతికిస్తూ అడిగింది. "అవి ఇంకా బతికే ఉన్నాయా?"

ఏవని అడగాల్సిన పనిలేదు. "ఉన్నాయక్కా. ఫ్రీజర్లో పెట్టాం."

"చూపిస్తావా?"

బుల్లి వద్దని చూసింది. అక్క పట్టిన పట్టు విడిచేది కాదు. తెల్లకోటు తొడిగి, చేతికి గ్లవుజులు వేసి, పరిశోధనశాల లోపలికి తీసుకెళ్ళింది. ఫ్రీజరు తలుపు తీస్తే తెల్లటి పొగ కిందికి జారింది. బుల్లి ఒక డబ్బా లాగి, అందులోంచి చిటికెనవేలంత గొట్టం తీసి అక్క అరచేతిలో పెట్టింది. దానిమీద మంచు పట్టి ఉంది. లోపల అడుగున, పాలిపోయిన చిన్న గడ్డ.

"ఇందులోనా?"

"అందులోనే."

"ఇంతేనా?" అంది అక్క. ఎటు తిప్పి చూసినా అంతే ఉంది. "ఎన్నాళ్ళుంటాయి?"

"ఇలా పెడితే మనం పోయాక కూడా ఉంటాయి."

"నిద్రపోతున్నాయా?"

"అలాంటిదే. ఇప్పుడవి రాసుకోవు. తప్పులూ పడవు."

అక్క గుప్పిట మూసింది. "పారెయ్యమంటే పారేస్తావా?"

"పారేస్తాను" అంది బుల్లి. ఆ గొట్టంతో చెయ్యాల్సిన పని చాలా ఉంది. ఇలాంటి క్రిమి ఇంకెవరి రొమ్ములోనైనా ఉంటే ముందే పసిగట్టే దారి వెతకచ్చు. దొరుకుతుందని నమ్మకం లేదు, దొరికినా బావకి కాదు. అందుకే ఆ మాట చెప్పలేదు. అక్క పారెయ్యమంటే మారుమాట లేకుండా పారేసేది.

అక్క గుప్పిట విప్పింది. మంచు కరిగి గ్లవుజుమీద నీటిచుక్కలు నిలిచాయి.

"పెట్టెయ్. కరిగిపోతోంది" అంది.

బుల్లి దాన్ని డబ్బాలో దాని చోట పెట్టి తలుపు వేసింది. యంత్రం ఒక్కసారి గట్టిగా మూలిగి మళ్ళీ మామూలు చప్పుడుకి వచ్చింది. అక్క గ్లవుజులు తీసి చెత్తడబ్బాలో వేసి, చేతులెక్కడ కడుక్కోవాలని అడిగింది. బుల్లి కుళాయి చూపించింది. గ్లవుజులు వేసుకున్నావు కదక్కా, అక్కర్లేదు అనబోయి సబ్బు అందించింది. అక్క మోచేతులదాకా సబ్బు రాసుకుని, తీరిగ్గా, వేళ్ళ సందులన్నీ తోముకుంటూ కడుక్కుంది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. బుల్లి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.